నొప్పి కాల్లో... గొడవ నడుంలో!

"మేడమ్, నరం మీద నరం ఎక్కింది."

కర్నూలులో అయినా కడపలో అయినా, నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. ఒకాయన తుంటి పట్టుకుని చెప్తాడు. ఒకామె పిక్క చూపిస్తుంది. ఇంకొకరు "కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమని బొటనవేలి దాకా పోతాది" అంటారు. ఊళ్లో దీన్ని తుంటి వాతం అంటారు, నరం పట్టేసింది అంటారు. డాక్టరు చీటీ మీద రాసే పేరు సయాటికా.

నేను ఫిజియోథెరపిస్టుని. వారంలో నాలుగు రోజులు కర్నూలులో, రెండు రోజులు కడపలో పేషెంట్లని చూస్తాను. ఈ వారం సయాటికా గురించి రాయడానికి కారణం ఉంది. ఇది ముసలివాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. కానీ డిస్క్ వల్ల వచ్చే సయాటికా ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య వాళ్లకే వస్తుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లకీ వస్తుంది. అంటే ఇంటికి సంపాదన తెచ్చే వయసులో అన్నమాట.

ముందే ఒక మాట చెప్పేస్తాను. సయాటికా చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గే నొప్పి. కొద్దిమందికి మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగకూడని నొప్పి. ఈ రెండింటికీ తేడా తెలియకే మొదటి రకం వాళ్లు భయపడి అప్పులు చేస్తున్నారు, రెండో రకం వాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటున్నారు.

అసలు ఏ నరం ఇది?

మన ఒంట్లో అన్నిటికంటే లావైన నరం సయాటిక్ నరం. పిరుదు దగ్గర చూస్తే దాదాపు మన బొటనవేలంత ఉంటుంది. నడుం కింది భాగంలో వెన్నుపూసల మధ్య నుంచి వచ్చే ఐదు నరాల వేర్లు (ఎల్4, ఎల్5, ఎస్1, ఎస్2, ఎస్3) కలిసి ఒక్కటై పిరుదు లోపలి నుంచి, తొడ వెనక నుంచి మోకాలి వరకు వస్తుంది. అక్కడ రెండుగా చీలి పాదం దాకా పోతుంది.

అందుకే నొప్పి కాల్లో తెలుస్తుంది, గొడవ మాత్రం నడుంలో ఉంటుంది. ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే గొడవ బెల్లులో కాదు కదా, గుమ్మం దగ్గర ఎవరో స్విచ్ నొక్కుతున్నారు. ఇక్కడ కూడా అంతే. పిక్కకి ఎంత నూనె రాసి మర్దన చేసినా నొక్కుతున్న వేలు నడుం దగ్గరే ఉంది.

ఆ నొక్కేది ఎక్కువసార్లు డిస్క్. రెండు వెన్నుపూసల మధ్య మెత్తలాంటిది ఉంటుంది. ఓళిగ అనండి, భక్ష్యం అనండి, బొబ్బట్టు అనండి, దాన్ని ఊహించుకోండి. బయట పొర, లోపల పూర్ణం. ఒక పక్క గట్టిగా ఒత్తితే రెండో పక్క పొర చీలి పూర్ణం బయటికొస్తుంది కదా! డిస్క్ కూడా వెనక వైపు చీలి లోపలి జెల్లీ బయటికొస్తే, పక్కనే ఉన్న నరం వేరుకి తగులుతుంది. తగిలి నొక్కడమే కాదు, అక్కడ వాపు కూడా తెస్తుంది. ఎక్కువగా ఇది నడుం చివరి రెండు డిస్కుల్లోనే జరుగుతుంది. నరం మీద నరం ఎక్కడం మాత్రం ఎక్కడా జరగదు.

జబ్బు కొత్తదేం కాదు. మన ఆయుర్వేదంలో దీన్ని గృధ్రసి అన్నారు. గృధ్రం అంటే రాబందు. ఈ నొప్పి ఉన్న మనిషి నడక రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారంటారు. ఇటలీలో డొమెనికో కొటుగ్నో అనే వైద్యుడు 1764లోనే దీని మీద పుస్తకం రాశాడు. కానీ నొక్కేది డిస్క్ అని లోకానికి గట్టిగా తెలిసింది 1934లో, బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ తమ ఆపరేషన్ కేసుల వివరాలు ప్రచురించాక. అంటే ఇంత పాత జబ్బుకి అసలు కారణం తెలిసి ఇంకా వందేళ్లు కాలేదు.

మీది సయాటికానేనా?

కాలు నొప్పులన్నీ సయాటికా కావు. ఈ కింది గుర్తులు చూడండి.

నొప్పి సాధారణంగా ఒక కాల్లోనే ఉంటుంది. నడుం కంటే కాలే ఎక్కువ బాధ పెడుతుంది. మోకాలు దాటి కిందికి పోతుంది. దగ్గినా, తుమ్మినా, బాత్రూంలో ముక్కినా జివ్వుమంటుంది. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం కూడా ఇందులో భాగమే.

ఏ వేరు నలిగిందో కాలే చెప్తుంది. పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగం, బొటనవేలి దాకా తిమ్మిరి ఉంటే ఎల్5. పిక్క వెనక నుంచి అరికాలు, చిటికెనవేలి వైపు అయితే ఎస్1.

ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. గోడ పక్కన నిలబడి మడమల మీద పది అడుగులు వేయండి. తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు. నొప్పిగా ఉన్నా నడవగలిగితే కండరాల బలం బాగానే ఉన్నట్టు. పాదం పైకి లేవక చెప్పు నేలకి టపటపా కొట్టుకుంటుంటే, లేదా ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే నరం బలహీనపడిందని అర్థం. అప్పుడు వారాలు ఆగకుండా వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఇంకో సంగతి. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే అది డిస్క్ కాకపోవచ్చు. మన దేశంలో వెన్ను టీబీ ఇంకా ఉంది. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, బండి మీద నుంచి పడినవాళ్లు కూడా సొంత వైద్యం చేసుకోకూడదు.

బండ బరువు లెక్క

మన రెండు జిల్లాల పేరు చెప్తే దేశమంతా గుర్తొచ్చేది నాపరాయి. బేతంచెర్ల పాలిష్ బండలు, ఎర్రగుంట్ల వైపు కడప బండలు ఎన్ని ఇళ్లల్లో పరిచారో లెక్కే లేదు. బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిందనుకోండి, అక్కడి బండలు మోసే నడుములు మాత్రం ఇప్పటికీ కర్నూలుకే వస్తాయి.

చిన్న లెక్క వేద్దాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న సున్నపురాయి బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవైతే 50. పని చోట ఆరోగ్యాన్ని పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ ఉంది. ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలి తిరగకుండా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని అది చెప్తుంది. అంటే మన చిన్న బండే ఆ గీత దాటేసింది. అదీ నేల మీద నుంచి వంగి ఎత్తి, పక్కకి తిరిగి లారీలో పెట్టే పని. రోజుకి ఒక్కసారి కాదు, వందల సార్లు.

వంగితే ఏమవుతుందో 1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రవేత్త బృందం కొలిచి చూపించింది. ఒక వాలంటీరు నడుం డిస్కులోనే ప్రెషర్ కొలిచే పరికరం పెట్టారు. మామూలుగా నిలబడితే 0.5 మెగాపాస్కల్స్. ముందుకి వంగితే 1.1. వీపు వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. మోకాళ్లు వంచి అదే బరువు ఎత్తితే 1.7. అదే 20 కిలోలు ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. కొలిచింది ఒక్క మనిషి మీదే. అయినా బరువు ఎంత అన్నదే కాదు, ఎలా పట్టుకున్నాం అన్నది కూడా డిస్కుకి లెక్కేనని తెలుస్తుంది.

"నేను బండలు మోయను కదా, బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుంటా" అంటారా? మీకూ ఉంది. గంటలు గంటలు కదలకుండా కూర్చోవడం, ఆ పైన శుక్రవారం రాత్రి బస్సెక్కి ఒకే భంగిమలో ఊరికి రావడం, మంచం మీద వాలి నడుం ధనుస్సులా వంచి అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటం... ఇవన్నీ ఉన్న నొప్పిని పెంచుతాయి. ఇప్పుడు ఇది చదువుతూ ఎలా కూర్చున్నారో ఒకసారి చూసుకోండి.

వెనక జేబు సంగతి కూడా చెప్పాలి. లావు పర్సు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే పిరుదు దగ్గర నరం నలిగి సయాటికా లాంటి నొప్పి వస్తుందని 1978లోనే ఒక అమెరికా మెడికల్ జర్నల్లో రాశారు. ఇప్పుడు పర్సు బదులు ఫోన్ చేరింది. కూర్చునే ముందు తీసి పక్కన పెట్టండి. రూపాయి ఖర్చు లేని వైద్యం.

స్కాన్ చూసి భయపడొద్దు

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. 26 ఏళ్లు. బేతంచెర్లలో లారీలకి బండలు ఎత్తే పని. మూడు వారాలుగా ఎడమ కాలు నొప్పి. వాళ్లమ్మ తోడొచ్చింది. చేతిలో ఎంఆర్ఐ కవరు. రిపోర్టులో ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ బయటికొచ్చిందని ఉంది. "ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతాది" అని ఎవరో చెప్పారట. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "మాయమ్మా, ఉండే రెండెకరాలు అమ్మేదా, వొద్దా? వాళ్ల చిన్నాయన బేరం కూడా మాట్లాడినాడు."

ఆ ప్రశ్నకి నేనొక్కదాన్నే జవాబు చెప్పకూడదు. కుర్రాడిని మడమల మీద నడిపించాను, మునివేళ్ల మీద నడిపించాను. రెండూ చేశాడు. మూత్రం, మలం మామూలుగానే ఉన్నాయి. చిటికెనవేలి దగ్గర తిమ్మిరి ఉంది, నొప్పి గట్టిగా ఉంది. అంతే. న్యూరోసర్జన్ దగ్గరికి పంపాను. ఆయన కూడా చూసి, "ఇప్పుడే కోయాల్సిన పని లేదు, ఆరు వారాలు చూద్దాం" అన్నాడు.

ఎందుకలా అన్నాడు? మూడు సంగతులు తెలిస్తే మీకూ అర్థమవుతుంది.

ఒకటి. ఏ నొప్పీ లేని వాళ్లకి స్కాన్ తీసినా డిస్కులో తేడాలు కనిపిస్తాయి. అలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కేశారు. నొప్పి లేని 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి. అంటే రిపోర్టులో కనిపించినదంతా జబ్బు కాదు. తెల్ల వెంట్రుక లాంటిది కూడా ఉంటుంది.

రెండు. బయటికొచ్చిన డిస్క్ ముక్కని ఒళ్లే మెల్లగా కరిగించేసుకుంటుంది. విచిత్రం ఏంటంటే, కొంచెం ఉబ్బిన డిస్క్ కంటే బాగా బయటికొచ్చిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది. రిపోర్టులో పెద్ద మాట కనిపిస్తే పెద్ద ఆపరేషన్ తప్పదని కాదు.

మూడు. నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి త్వరగా ఆపరేషన్. ఇంకో జట్టుకి మందులు, వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ వాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది, నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒకే చోట ఉన్నాయి. రెండో జట్టులో 39 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ అవసరమైంది. మిగతా వాళ్లకి కత్తి తగలకుండానే సరిపోయింది.

ఆపరేషన్ చెడ్డదని నేను అనడం లేదు. బలం తగ్గిపోతున్నప్పుడు, వారాలు గడిచినా నొప్పి నిద్రపోనివ్వనప్పుడు అది మంచి దారి. కానీ మూడో వారంలో భయంతో పొలం అమ్మి చేయించుకోవాల్సినది కాదు.

ఆ రెండెకరాలు అమ్మలేదు. తొమ్మిదో వారానికి కుర్రాడి కాలు నొప్పి చాలా వరకు పోయింది. చిటికెనవేలి తిమ్మిరి మాత్రం ఇంకా కొంచెం ఉంది. నరం నిదానంగా కోలుకుంటుంది, దానికి తొందర పెట్టలేం.

ఈ ఆరు వారాలు ఏం చేయాలి?

మంచం పట్టొద్దు. పూర్వం చెక్క మీద పడుకోబెట్టి కదలొద్దనేవాళ్లు. 1999లో 183 మంది సయాటికా రోగుల్లో కొందరిని రెండు వారాలు మంచం మీదే ఉంచి, మిగతావాళ్లని మామూలుగా తిరగమన్నారు. 12 వారాలకి రెండు జట్లలోనూ 87 శాతం మందికి తగ్గింది. పడుకున్నందుకు లాభమేం రాలేదు. కాబట్టి నొప్పి భరించలేని ఒకటి రెండు రోజులు పడుకోండి, తర్వాత లేవండి.

నడవండి. ఒకేసారి గంట కాదు. పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు. మన ఎండల్లో పొద్దున్నే, చీకటి పడ్డాకే నయం.

అరగంటకోసారి లేవండి. ఫోన్లో అలారం పెట్టుకోండి. రీల్స్ చూపించే ఫోన్ ఈ పని కూడా చేస్తుంది.

బోర్లా పడుకుని చూడండి. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియో దగ్గర ఒక పేషెంటు, తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుం వెనక్కి వంగి ఉంది. కాసేపటికి మెకెంజీ వచ్చేసరికి కాలు నొప్పి పోయిందన్నాడట. ఆ సంఘటన నుంచే ఒక వ్యాయామ పద్ధతి పుట్టింది. మీరు చేయాల్సింది ఇంతే: చాప మీద బోర్లా పడుకుని రెండు నిమిషాలు ఊరికే ఉండండి. తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపి ఇంకో రెండు నిమిషాలు. నొప్పి పాదం వదిలి పిక్కకి, పిక్క వదిలి తొడకి, నడుం వైపు వెనక్కి పోతుంటే మంచి గుర్తు. నడుంలో కొంచెం పెరిగినా పర్లేదు. అలా కాకుండా కిందికి దిగుతుంటే ఆపేయండి. అది మీకు సరిపడే వ్యాయామం కాదు. ఫిజియోకి చూపించి మీకు తగినది నేర్చుకోండి. యూట్యూబ్‌లో ఒకరికి పనికొచ్చింది మీకు పనికి రాకపోవచ్చు.

నిద్రకి దిండు సాయం తీసుకోండి. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య ఒక దిండు. వెల్లకిలా అయితే మోకాళ్ల కింద. ఒత్తి చుట్టిన దుప్పటైనా సరే.

వేడి కాపడం పెట్టుకోవచ్చు. జబ్బు పోదు కానీ కండరాలు వదులై హాయిగా ఉంటుంది. తిమ్మిరి ఉన్న చోట మాత్రం పెట్టొద్దు, కాలినా తెలియదు.

మందుల సంగతి

నొప్పి మాత్రలు డాక్టరు రాస్తే, రాసినన్ని రోజులే వాడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవాళ్లని చూస్తుంటాను. ఇవి కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. మే నెల ఎండలో చెమట ధారలుగా కారి, నీళ్లు సరిగ్గా తాగని ఒంటికి ఆ భారం ఇంకా ఎక్కువ. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలు సొంతంగా వాడకూడదు. ఊళ్లో వేసే "పవర్ ఇంజెక్షన్" ఏ మందో అడగండి. పేరు చెప్పకపోతే వేయించుకోవద్దు.

నరాల మాత్ర అని ప్రీగాబాలిన్ చాలా చీటీల్లో ఉంటుంది. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర కంటే కాలు నొప్పి ఎక్కువ తగ్గలేదు, తల తిరగడం లాంటివి మాత్రం ఎక్కువయ్యాయి. మీరు ఇప్పటికే వాడుతుంటే టక్కున మానేయొద్దు. దాని వల్ల ఇంకో ఇబ్బంది రావొచ్చు. డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకోండి.

బెల్టు కొంతమందికి ధైర్యం ఇస్తుంది. పని చేసేటప్పుడు కొన్ని రోజులు వేసుకుంటే తప్పు లేదు. నరం మీద వాతలు పెట్టించుకోవడం, నడుం మీద కాలితో తొక్కించుకోవడం మాత్రం వద్దు. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్ల కోసం పేరు తెచ్చుకున్నది. ఇక్కడ విరిగిన ఎముకేం లేదు, కట్టడానికి.

పని మానలేను, ఎట్లా?

ఇవన్నీ చెప్పాక ఎక్కువమంది అడిగేది ఇదే. "ఆరు వారాలు కూర్చుంటే ఇల్లెట్ల గడుస్తాది మేడమ్?" నిజమైన ప్రశ్న. దీనికి మాత్రల చీటీలో జవాబు లేదు.

పని మొత్తం మానక్కర్లేదు, పని మార్చుకోండి. ఆ బేతంచెర్ల కుర్రాడి కోసం నేను వాళ్ల యజమానితో ఫోన్లో మాట్లాడాను. రెండు నెలలు బండలు ఎత్తకుండా, లెక్క రాసే పని, నీళ్లు పట్టే పని ఇచ్చాడు. కూలి కొంచెం తగ్గింది, కానీ ఆగలేదు. నాలుగు నెలలకి మళ్లీ ఎత్తే పనికి పోయాడు. ఇప్పుడు పెద్ద బండకి ఇద్దరు పట్టుకుంటున్నారు, దూరం పోవాలంటే తోపుడు బండి వాడుతున్నారు. అన్ని చోట్లా అలాంటి యజమాని దొరకడు, నాకు తెలుసు. అడగకపోతే మాత్రం ఎక్కడా దొరకడు.

బరువు తప్పనప్పుడు నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. బరువుకి దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించి ఎత్తండి. తిరగాలంటే నడుం మెలి తిప్పకుండా పాదాలు తిప్పండి. నీళ్ల బిందె రోజూ ఒకే చంకన కాకుండా, రెండు చిన్న బిందెలు రెండు చేతుల్లో పట్టుకోండి. చేల్లో కలుపు తీసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు ప్రతి రెండు సాళ్లకోసారి నిలబడి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి ఐదుసార్లు వంగండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీయండి.

ఈ గంటల్లో ఆగొద్దు

ఇప్పుడు ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. స్క్రీన్‌షాట్ తీసుకుంటే ఇదే తీసుకోండి.

బైక్ మీద కూర్చున్నప్పుడు సీటు తగిలే చోటు ఉంది కదా? మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, మర్మాంగాల దగ్గర. అక్కడ తిమ్మిరెక్కి, తుడుచుకున్నా స్పర్శ తెలియకపోతే, అది ఎమర్జెన్సీ.

మూత్రం వచ్చినట్టు ఉండి రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలం ఆపుకోలేకపోయినా ఎమర్జెన్సీ.

రెండు కాళ్లకీ నొప్పి, బలహీనత కలిసి వచ్చినా, పాదం ఉన్నట్టుండి వేలాడిపోయినా అంతే.

వెన్ను చివర నరాలన్నీ గుర్రం తోకలా ఒక గుత్తిగా ఉంటాయి. పెద్ద డిస్క్ ముక్క ఆ గుత్తి మొత్తాన్ని నొక్కేస్తే ఇలా జరుగుతుంది. చాలా అరుదు. కానీ జరిగితే రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాంలే అనడానికి టైం ఉండదు.

మైదుకూరు వైపు పసుపు చేలల్లో పని చేసే ఒకామె ఉంది. 34 ఏళ్లు. నెల రోజులుగా కాలు నొప్పి. ఒకరోజు రాత్రి నుంచి మూత్రం రాలేదు, కూర్చునే చోటు మొద్దుబారింది. భర్తకి చెప్పడానికి సిగ్గు. అత్తకి చెప్తే "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అన్నది. మూడో రోజు కడుపు ఉబ్బి ఏడుస్తుంటే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత నడక కోసం నా దగ్గరికి పంపారు. ఇప్పుడు బాగా నడుస్తుంది. కానీ మూత్రానికి ఇప్పటికీ రోజుకి నాలుగు సార్లు తనే సన్న గొట్టం పెట్టుకుంటుంది. ఆ విషయం రాయమని నాకు తనే చెప్పింది, పేరు వద్దంది. "నాలాగ ఇంగెవురూ సిగ్గుపడాకుండా రాయండి మేడమ్" అంది.

అందుకే ఆ భాగాల పేర్లు ఇక్కడ ఇంత విడమరిచి రాశాను. నడుం నొప్పితో ఉన్న అమ్మనో, అక్కనో, చేలో పని చేసే చిన్నమ్మనో ఈ ప్రశ్న నోరు తెరిచి అడగండి: "కింద తిమ్మిరిగా ఉందా? మూత్రం సరిగ్గా వస్తోందా?" వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగితే చెప్తారు.

జవాబు తేడాగా ఉంటే తెల్లారే దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. కర్నూలు వైపు వాళ్లకి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కడప వైపు వాళ్లకి రిమ్స్ ఉన్నాయి. రాత్రయినా క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. అక్కడ "నడుం నొప్పి" అని మాత్రమే చెప్తే వరసలో కూర్చోబెట్టొచ్చు. "మూత్రం ఆగిపోయింది, కూర్చునే చోట స్పర్శ లేదు" అని మొదటి మాటగా చెప్పండి. డ్యూటీలో ఉన్న డాక్టరుకి ఆ రెండు ముక్కలు చాలు.

ఇవేవీ లేని మిగతా వాళ్లు, అంటే మీలో దాదాపు అందరూ, ఆ ఎంఆర్ఐ కవరు బీరువాలో పెట్టి, చెప్పులేసుకుని పది నిమిషాలు నడిచి రండి. ఆరు వారాలైనా తగ్గకపోతే, లేదా మడమల మీద, మునివేళ్ల మీద నడక తేడా వస్తే డాక్టరు దగ్గరికి పోండి. ఈలోగా పొలం బేరం మాత్రం ఎవరితోనూ మాట్లాడొద్దు.